విజిల్ మాటా, వీడియో మాటా?

మార్కాపురం పేరు చెప్పి ఫుట్‌బాల్ గురించి రాయడమేమిటని అడిగేవాళ్ళు ఉంటారు. పశ్చిమ ప్రకాశంలో ఊరూరా కబడ్డీ, వాలీబాల్, క్రికెట్టే. తిరునాళ్ళొస్తే ఎడ్ల బండలాగుడు. ఫుట్‌బాల్ గోల్‌పోస్టులు కావాలంటే వెతుక్కోవాలి. కానీ గిద్దలూరు, కంభం, మార్కాపురం పిల్లలు చదువుకూ పనికీ బెంగళూరు, హైదరాబాదు పోవడం ఎప్పటినుంచో ఉంది. అక్కడ పట్టుకున్న ఆటల పిచ్చి పండగకు వాళ్ళతోపాటే రైలెక్కి ఊరికి వస్తుంది.

ఈ సంవాదంలో ఇద్దరే మనుషులు. మామ మార్కాపురంలో వ్యాయామోపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యారు. కబడ్డీకీ వాలీబాల్‌కీ విజిల్ పట్టుకుని నిలబడ్డ మనిషి, మ్యాచ్ ఓడినవాళ్ళ కోపం ఎట్లా ఉంటుందో ఎదురుగా చూసినవారు. అల్లుడు ఆయన చెల్లెలి కొడుకు, గిద్దలూరువాడు. బెంగళూరులో ఉద్యోగం. కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ ఆడితే అక్కడుంటాడు, లేదంటే అర్ధరాత్రి దాకా ఫోన్లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ చూస్తాడు. రిఫరీకి వీడియో సాయం, అంటే అందరూ వీఏఆర్ అనే పద్ధతి, ఉండాలా వద్దా అన్నదే గొడవ. నాకు చెప్పాలనిపించిన చోట నేనూ మధ్యలోకి వస్తాను.

అల్లుడు: ఒక్క మ్యాచ్ చెప్తా మామా, విన్నాక మాట్లాడు. 2024 జూన్ 11, దోహా. ప్రపంచ కప్ అర్హత పోటీలో ఖతార్ మీద మన ఆట. సునీల్ ఛెత్రీ రిటైరై ఐదు రోజులే అయింది. గెలిస్తే మూడో రౌండుకు పోతాం. 37వ నిమిషంలో ఛాంగ్టే గోల్ కొట్టాడు. 73వ నిమిషం దాకా ఆ ఆధిక్యం కాపాడుకున్నాం. అప్పుడు ఖతార్‌కు ఫ్రీకిక్. యూసెఫ్ ఐమెన్ తలతో కొట్టిన బంతిని మన గోల్‌కీపర్ గురుప్రీత్ ఆపాడు. బంతి జారి గోల్ పక్కన గీత దాటి బయటికి పోయింది. ఖతార్ ఆటగాడొకడు దాన్ని కాలితో లోపలికి లాగాడు, ఐమెన్ గోల్లోకి తన్నాడు. మనవాళ్ళు విజిల్ వస్తుందని నిలబడిపోయారు. రిఫరీ గోల్ ఇచ్చాడు! 85వ నిమిషంలో ఇంకోటి పడింది. 2-1తో ఓడిపోయాం. ఆ రౌండులో వీఏఆర్ లేదు. మూడో రౌండు నుంచి పెట్టారు, మనం ఇంటికొచ్చేశాక.

మామ: ఆ ముక్క నువ్వే గదా ఫోన్లో పంపింది. నాకూ కడుపు మండింది. అయితే ఒకటడుగుతా. బంతి గీత దాటిందా లేదా చూడాల్సింది ఎవరు? లైన్స్‌మన్. ఆ సమయానికి అతను యాడ నిలబడ్డాడు, ఎటు చూస్తన్నాడు? అది శిక్షణకు సంబంధించిన పని. మనిషి తన చోటులో లేకపోతే వాడికి నేర్పాలి. ఆటంతటికీ కెమెరాల కాపలా పెడతామంటే ఎట్టా?

అల్లుడు: ఎంత నేర్పినా కన్ను కన్నే మామా. 1986లో మెక్సికోలో మారడోనా చేత్తో కొట్టిన గోల్‌ను రిఫరీ చూడలేకపోయాడు. 2010లో దక్షిణాఫ్రికాలో లాంపార్డ్ కొట్టిన బంతి జర్మనీ గోల్ గీత దాటి లోపల పడి బయటికొస్తే ఇంగ్లండ్‌కు గోల్ ఇవ్వలేదు. టీవీ ముందు కూర్చున్న ప్రతివాడికీ తెలిసింది, తీర్పు చెప్పాల్సినవాడికి తప్ప. ఆ లాంపార్డ్ గోల్ తర్వాతే గదా గోల్ గీత మీద సాంకేతికతకు 2012లో ఒప్పుకున్నారు, 2014 ప్రపంచ కప్‌లో వాడారు.

మామ: దాని మీద నాకు గొడవే లేదు. ఎందుకు లేదో కూడా చెప్తా విను. బంతి గీత దాటిందా? అవును, లేదా కాదు. రిఫరీ చేతి గడియారానికి సెకను లోపల కబురొస్తుంది. ఆట ఆగదు, ఎవడి అభిప్రాయమూ అక్కర్లేదు. కొలిచేదాన్ని యంత్రం కొలిచింది, సరిపోయింది. మీ వీఏఆర్ అట్టా కాదు. చెయ్యి తగిలిందా, తగిలితే కావాలని తగిలిందా, తోపు గట్టిదా మెత్తనిదా, ఇవన్నీ మనిషి తూచి చెప్పేవి. వాటి మీద కెమెరా పెట్టి, ఇంకొక మనిషిని గదిలో కూర్చోబెట్టి, ఇప్పుడు న్యాయం వచ్చిందంటారు. రాలేదు. ఇద్దరు మనుషుల అభిప్రాయం వచ్చింది, అంతే.

అల్లుడు: ప్రతిదానికీ జోక్యం చేసుకోమని నియమంలో లేదు. 2018లో ఆట నిబంధనల్లో చేర్చినప్పుడే నాలుగు సందర్భాలకు కట్టేశారు. గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే ఎర్ర కార్డు, ఒకడికి బదులు ఇంకొకడికి కార్డు ఇవ్వడం. అందులోనూ కళ్ళకు కట్టినట్టు కనిపించే తప్పయితేనే మార్చాలి.

మామ: కళ్ళకు కట్టినట్టు కనిపించేదానికి ఎనిమిది నిమిషాలు ఎందుకురా? నిరుడు నువ్వే చెప్పావు గదా, బోర్న్‌మౌత్, వుల్వ్స్ మ్యాచ్.

అల్లుడు: 2025 మార్చి 1, ఎఫ్ఏ కప్. నిజమే, ఎనిమిది నిమిషాలు చూసి గోల్ రద్దు చేశారు. ముందు చెయ్యి తగిలిందా అని, తర్వాత ఆఫ్‌సైడా అని. గుంపులో ఎవరి కాలు ఎవరిదో తేల్చడానికి పట్టింది.

మామ: ఎనిమిది నిమిషాలంటే కబడ్డీలో ఒక సగంలో సగం దగ్గర్లో ఉంది. ఆటగాళ్ళ ఒళ్ళు చల్లబడుతుంది. కూర్చున్నవాళ్ళకు ఏం చూస్తన్నారో తెలీదు. అంత సేపు చూస్తే గానీ తేలని తప్పు, స్పష్టమైన తప్పు కానే కాదు. అక్కడే ఆపి, మైదానంలో రిఫరీ ఏం చెప్పాడో అదే ఉంచాలి. నన్నడిగితే గడియారం పెట్టండి. ఒక్క నిమిషం. ఆలోపల మార్చాల్సినంత తప్పు కనబడకపోతే వదిలెయ్యండి.

ఒక నిమిషం గడువు అన్న మామ సూచన నాకు చాలా నచ్చింది. కెమెరా మీద ఇది నిషేధం కాదు, కెమెరాను దాని హద్దులో పెట్టడం. అల్లుడు మాత్రం ఒప్పుకోలేదు. గడువు పెడితే తొందరలో తప్పులు పెరుగుతాయన్నాడు. ఆ మాటలోంచే వాదన ఆఫ్‌సైడ్ మీదికి మళ్ళింది. వాళ్ళిద్దరూ నిజంగా కోప్పడింది అక్కడే.

మామ: ఆఫ్‌సైడ్ నియమం ఎందుకు పెట్టారో చెప్పు చూద్దాం.

అల్లుడు: ముందుకెళ్ళి గోల్ దగ్గర కాపు కాసి, బంతి రాగానే తన్నకుండా.

మామ: అంతే గదా. దొంగతనంగా ముందు నిలబడి లాభపడకూడదని. మరి బొటనవేలు ముందుంటే ఏం లాభం? కోవెంట్రీవాళ్ళకు జరిగింది నువ్వే ఏడుపు ముఖం పెట్టుకుని చెప్పావు.

అల్లుడు: అది ఇప్పటికీ మరిచిపోలేను మామా. 2024 ఏప్రిల్ 21, వెంబ్లీ, ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. కోవెంట్రీ రెండో శ్రేణి జట్టు. మాంచెస్టర్ యునైటెడ్ 3-0తో ముందుంది. కోవెంట్రీ మూడు గోల్స్ కొట్టి 3-3 చేసింది. అదనపు సమయం చివరి క్షణాల్లో టార్ప్ నాలుగోది కొట్టాడు. ఆ ఊరివాళ్ళు కుర్చీల మీద నుంచి దూకారు. గోల్‌కు ముందు పాస్ ఇచ్చిన హాజీ రైట్ కాలి వేళ్ళు గీతకు అటువైపున్నాయని వీఏఆర్ చెప్పింది. గోల్ పోయింది. పెనాల్టీల్లో ఓడిపోయారు.

మామ: జీవితంలో ఒక్కసారి వచ్చే సంతోషం అది. వేళ్ళు కొలిచి తీసేశారు.

అల్లుడు: నియమం నియమం గదా మామా. వేలైనా ఆఫ్‌సైడ్ ఆఫ్‌సైడే. చిన్న జట్టని జాలిపడి వదిలేస్తే పెద్ద జట్టుకు అన్యాయం.

మామ: జాలి నేనడగలా. నియమం రాసినవాడు మనిషి కంటితో చూడ్డానికి రాశాడంటున్నా. కంటికి సమానంగా కనబడితే సమానం. 1925 దాకా ముందు ఎదుటి జట్టువాళ్ళు ముగ్గురు ఉండాలన్నారు, తర్వాత ఇద్దరన్నారు, 1990లో సమానంగా ఉంటే తప్పు లేదన్నారు. ప్రతిసారీ గోల్ కొట్టేవాడి వైపుకే సడలించుకుంటూ వచ్చారు. ఇప్పుడు నియమంలో ఒక్క అక్షరం మార్చకుండా కెమెరా పెట్టి, దాన్ని మళ్ళీ బిగించేశారు. ఎవర్ని అడిగి బిగించారు?

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మామూలు ప్రసార కెమెరా సెకనుకు 50 చిత్రాలు తీస్తుందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తే ఆటగాడు సెకనుకు ఎనిమిది మీటర్ల పైన కదులుతాడు. అంటే ఒక చిత్రానికీ మరొక చిత్రానికీ మధ్య 16, 17 సెంటీమీటర్లు జరిగిపోతాడు. బంతి ఇచ్చినవాడి కాలి నుంచి బంతి ఏ చిత్రంలో విడిపోయిందో ఒక్కటి అటూ ఇటూ అయితే చాలు, వేలు కాదు, పాదంలో సగానికి పైగా తేడా వస్తుంది. డిఫెండర్ ఎదురు దిక్కుకు పరిగెత్తుతుంటే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అట్లాంటి కొలత మీద సన్నని రంగు గీతలు గీసి, ఇదే సత్యమని తెర మీద చూపించడం సరైన పని కాదు. ఈ లెక్క అల్లుడికి నాకంటే బాగా తెలుసు. కాకపోతే అతని దగ్గర జవాబుంది.

అల్లుడు: ఆ తేడాను తగ్గించడానికే గదా 2022 ఖతార్ ప్రపంచ కప్‌లో కొత్త పద్ధతి పెట్టింది. స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు, ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 బిందువులు, సెకనుకు 50 సార్లు లెక్క. బంతి లోపల పెట్టిన పరికరం సెకనుకు 500 సార్లు కబురు పంపుతుంది. బంతిని తన్నిన క్షణం అట్లా దొరుకుతుంది. ప్రీమియర్ లీగ్‌లో కూడా 2025 ఏప్రిల్ 12 నుంచి యంత్రమే గీత గీస్తోంది. వేచి ఉండే సమయమూ తగ్గింది.

మామ: కొలత బాగుపడింది, ఒప్పుకుంటా. మరి వేలికి శిక్ష బాగుపడిందా? కొలత ఎంత సన్నగా ఉంటే అంత చిన్నదానికి గోల్ పోతుంది.

అల్లుడు: దానికి ఆర్సెనల్ మాజీ కోచ్ ఆర్సీన్ వెంగర్ ఒక మార్గం చెప్పాడు. ఆడేవాడి ఒళ్ళంతా డిఫెండర్‌ను దాటి, ఇద్దరి మధ్య వెలుగు కనబడితేనే ఆఫ్‌సైడ్. ఏ కొంచెం ఒకరికొకరు అడ్డున్నా ఆటే.

మామ: అప్పుడు గొడవ వేలి దగ్గర నుంచి మడమ దగ్గరికి పోతుంది. ఆ చివర కూడా గీతే గదా.

అల్లుడు: పోతుంది. కానీ అక్కడ ఆఫ్‌సైడ్ అయినవాడు నిజంగా ముందుకు దాటినవాడు. గోల్ పోయినా, న్యాయమే అనిపిస్తుంది. ఇప్పుడు అనిపించనిది అదే.

ఈ మాటకు మామ జవాబు చెప్పలేదు, తల ఊపారు. నాకు కూడా ఇదే సరైన దారి అనిపిస్తుంది. గీతను చెరపలేం. గీత ఎవరి పక్షాన పడాలో నిర్ణయించుకోవచ్చు. అయితే ఆట నిబంధనలు మార్చే మండలిని 1886లో స్థాపించారు. అందులో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు ఒక్కో ఓటు, ఫిఫాకు నాలుగు. ఎనిమిదిలో ఆరు పడితేనే మార్పు. మార్కాపురం నుంచి గానీ, ఢిల్లీ నుంచి గానీ ఆ గదిలోకి మాట పోయే దారి చాలా పొడుగు.

మామ: సరే, కొలతలు పక్కన పెట్టు. లివర్‌పూల్ గోల్ సంగతి చెప్పు. అందులో కెమెరా ఏం తప్పు చేసింది?

అల్లుడు: కెమెరా ఏ తప్పూ చేయలా. 2023 సెప్టెంబర్ 30, టాటెన్‌హామ్ మీద లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. లైన్స్‌మన్ జెండా ఎత్తాడు, ఆఫ్‌సైడ్ అని. గదిలో వీడియో చూసిన అధికారి ఆటగాడు సరైన చోటే ఉన్నాడని చూశాడు. కానీ మైదానంలో గోల్ ఇచ్చారనుకున్నాడు. చూడటం అయిపోయింది, సరిగ్గానే ఉందని చెప్పేశాడు. మైదానంలో రిఫరీకి అది ఆఫ్‌సైడ్ సరైనదే అన్నట్టు వినబడింది. ఆట మొదలైపోయింది. తప్పు తెలిసినా, ఆట మళ్ళీ మొదలయ్యాక వెనక్కి పోవడానికి నియమం ఒప్పుకోదు. లివర్‌పూల్ 2-1తో ఓడిపోయింది. తర్వాత ఆ మాటల రికార్డింగు విడుదల చేశారు.

మామ: చూశావా! కోట్లు పోసి పెట్టిన వ్యవస్థ, నువ్వేం తీర్పు ఇచ్చావు అని ఒక్క ప్రశ్న అడక్కపోవడం వల్ల కూలింది. మా కబడ్డీలో రిఫరీ, అంపైర్లు ఒకరి చేతి సైగ ఒకరు చూసుకుని, నోటితో తిరిగి చెప్పుకుంటారు. అది ఖర్చు లేని పని.

అల్లుడు: నేనూ అదే అంటున్నా. వీడియో తీసెయ్యక్కర్లేదు, మాట్లాడే పద్ధతి మార్చాలి. అందరికీ వినబడేట్టు మాట్లాడాలి.

మామ: ఆ మాటకొస్తే మన బండలాగుడు చూడు. తిరునాళ్ళలో ఎన్ని వేలమంది జనం ఉంటారు! ఎవరి ఎడ్లు వాళ్ళకు ప్రాణం. ఊరి పరువు, డబ్బు పందెం. అయినా కొట్లాటలు అరుదు. ఎందుకని? మైకు. ఒక్కో రౌండుకీ ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు, మొత్తం ఎన్ని అడుగులు లాగాయి, ఇంకా ఎంత సమయం ఉంది, అంతా మైకులో చెప్తానే ఉంటారు. టేపు పట్టి కొలిచేది జనం ముందే. ఓడినవాడు కూడా లెక్క విన్నాడు కాబట్టి ఎడ్లను తోలుకుని పోతాడు. మీ ఫుట్‌బాల్‌లో యాభై వేలమంది డబ్బిచ్చి లోపల కూర్చుంటే, రిఫరీ చెవి మీద చెయ్యి పెట్టుకుని నిలబడతాడు. ఏం వింటన్నాడో ఎవరికీ తెలీదు. టీవీ చూసేవాడికి రీప్లే ఉంది, టికెట్టు కొన్నవాడికి లేదు. ఇది నాకు అన్నిటికంటే పెద్ద అన్యాయంగా కనబడుతుంది.

అల్లుడు: అది మారుతోంది మామా. 2023 మహిళల ప్రపంచ కప్‌లో వీఏఆర్ చూసొచ్చాక రిఫరీ మైకులో తీర్పు, కారణం చెప్పింది. ఇంగ్లండ్‌లో 2025 జనవరిలో లీగ్ కప్ సెమీఫైనల్లో మొదలుపెట్టారు.

మామ: తీర్పు చెప్తే సగమే. చూసేటప్పుడు ఏం చూస్తన్నారో కూడా చెప్పాలి. క్రికెట్‌లో చెప్పట్లా? థర్డ్ అంపైర్ ముందు నోబాల్ చూస్తాడు, తర్వాత బ్యాటు తగిలిందా, తర్వాత బంతి యాడికి పోతుంది. మా ఇంట్లో మీ అత్తకు కూడా ఆ వరస నోటికొచ్చు.

క్రికెట్ ప్రస్తావన రాగానే ఇద్దరి గొంతూ తేలికపడింది. ఈ ప్రాంతంలో అందరూ తలకెక్కించుకున్న వీడియో తీర్పు అదొక్కటే. 1992 నవంబర్‌లో డర్బన్‌లో సచిన్ టెండూల్కర్‌ను టీవీ చూసి రనౌట్ ఇచ్చారు, అట్లా ఔటైన మొదటి బ్యాటర్ అతనే. 2008లో శ్రీలంకలో సమీక్ష పద్ధతిని మొదట పరీక్షించింది మన జట్టు ఆడిన సిరీస్‌లోనే. ఆ అనుభవం చేదయ్యి మన బోర్డు ఏళ్ళ తరబడి వద్దంది, 2016 చివర్లో ఇంగ్లండ్ సిరీస్‌తో ఒప్పుకుంది. ఇప్పుడు దాన్ని తీసెయ్యమని అడిగేవాళ్ళు నాకు కనబడరు. అడిగే హక్కు ఫీల్డింగ్ జట్టు కెప్టెన్‌కు, బ్యాటర్‌కు ఉంది. అడగడానికి 15 సెకన్లు. అవకాశాలు లెక్కపెట్టి ఇస్తారు. తప్పు అడిగితే పోతుంది. అందుకే చిరాకు తగ్గింది.

అల్లుడు: ఫుట్‌బాల్‌లోనూ అట్లాంటిది వచ్చింది. ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అంటారు. వీడియో గదీ లేదు, అందులో కూర్చునే రిఫరీలూ లేరు. కోచ్‌కు మ్యాచ్‌కు రెండు అవకాశాలు. అడిగితే రిఫరీయే గీత పక్కనున్న తెర దగ్గరికి వచ్చి తనే చూసి తేలుస్తాడు. కోచ్ అడిగింది సరైనదైతే అవకాశం మిగులుతుంది. కొద్ది కెమెరాలుంటే చాలు. 2024లో కొలంబియాలో జరిగిన అండర్-20 మహిళల ప్రపంచ కప్‌లో వాడి చూశారు. 2025-26 నుంచి ఇటలీలో మూడో శ్రేణి లీగ్ వాడుతోంది. మన ఇండియన్ సూపర్ లీగ్, అదే ఐఎస్ఎల్, 2014లో మొదలైంది, 2024-25 సీజన్ ముగిసేదాకా వీఏఆర్ రాలేదు. ఖర్చు భయమే. 2023లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు కల్యాణ్ చౌబే తక్కువ ఖర్చు వీఏఆర్ గురించి మాట్లాడారు. ఇదిగో, ఇది కూడా తక్కువ ఖర్చు పద్ధతే.

మామ: ఓడిపోయే కోచ్ చివరి ఐదు నిమిషాల్లో ఎదుటివాళ్ళ ఊపు ఆపడానికి ఊరికే అడుగుతాడు.

అల్లుడు: రెండే గదా మామా. చివరిదాకా దాచుకున్నవాడికి మధ్యలో అన్యాయం జరిగితే ఏం చేస్తాడు? ఏది ఎప్పుడు వాడాలన్నది కూడా కోచ్ తెలివే.

మామ: రెండూ అయిపోయాక దోహాలో జరిగినట్టు జరిగితే?

అల్లుడు: అప్పుడు ఓడిపోతాం. కానీ మన అవకాశం మనమే పోగొట్టుకున్నామని తెలుస్తుంది. దోహాలో మనకు అడిగే హక్కే లేదు. రెండిటికీ తేడా లేదా?

మామ: ఉంది. అది ఒప్పుకుంటా. ఇంకొకటి చెప్తా విను, నిదానంగా తిప్పి చూపించడం మానుకోవాలి. తోపు, తన్ను లాంటివి నిదానంగా చూస్తే ప్రతిదీ కావాలని చేసినట్టే ఉంటుంది. బెల్జియం పరిశోధకులు పెద్ద స్థాయి రిఫరీల మీదే పరీక్షించి, నిదానంగా చూసినప్పుడు కార్డులు కఠినంగా ఇస్తన్నారని 2018లో చెప్పారు. ఎక్కడ తగిలింది అనేదానికి నిదానంగా చూడు, ఎంత గట్టిగా తగిలింది అనేదానికి మామూలు వేగంలో చూడు.

అల్లుడు: నిబంధనల్లోనూ అట్లాగే ఉంది మామా. పాటించడమే సరిగ్గా లేదు.

మామ: ఇప్పుడు నీ బెంగళూరు సంగతికొద్దాం. 2023 మార్చి 3. నువ్వు కంఠీరవలోనే ఉన్నావు.

అల్లుడు: ఉన్నా. కేరళ బ్లాస్టర్స్‌తో నాకౌట్. 90 నిమిషాలూ గోల్ లేదు. అదనపు సమయంలో 96వ నిమిషంలో మాకు ఫ్రీకిక్. కేరళవాళ్ళు గోడ కట్టుకుంటుండగానే ఛెత్రీ కొట్టేశాడు, గోల్. రిఫరీ ఇచ్చాడు. విజిల్ లేకుండా ఎట్లా కొడతాడని వాళ్ళ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ జట్టును బయటికి పిలిచేశాడు. మళ్ళీ రాలేదు. మేం 1-0తో గెలిచినట్టు ప్రకటించారు. తర్వాత కేరళకు 4 కోట్ల రూపాయల జరిమానా. కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం, 5 లక్షల జరిమానా.

మామ: ఇందులో వీడియో ఏం చూపిస్తుంది? ఛెత్రీ కొట్టడం అందరూ చూశారు. గోడ కట్టడం అందరూ చూశారు. కంటికి కనబడనిది ఏదీ లేదు. వెంటనే కొట్టుకోవచ్చా, విజిల్ దాకా ఆగాలా, రిఫరీ ఎవరికి ఏం చెప్పాడు, అదొక్కటే తగువు. రిఫరీ చెయ్యెత్తి విజిల్ చూపించి ఆగమంటే అందరూ ఆగేవాళ్ళు. కొట్టుకోవచ్చంటే అదైనా అందరికీ తెలియాలి. ఎన్ని కెమెరాలున్నా ఆ లోపం పూడదు. మన దేశంలో ఫుట్‌బాల్ తగువుల్లో అతి పెద్దది వీడియోతో తీరేది కానే కాదు.

ఈ చోట మామ వాదనే బలమైనదని నా అభిప్రాయం. అల్లుడు గెలిచిన జట్టు అభిమాని, అయినా ఈ విషయంలో గట్టిగా ఎదురు చెప్పలేదు. మాట యూరప్ వైపు మళ్ళించాడు.

అల్లుడు: నీలాంటివాళ్ళు స్వీడన్‌లో ఉన్నారు మామా. అక్కడ క్లబ్బుల్లో సగానికి పైన హక్కు సభ్యులదే, అంటే అభిమానులదే. వాళ్ళు వద్దన్నారు కాబట్టి 2023లో వీఏఆర్ తేకుండా ఆగిపోయారు. నార్వేలో 2024 జూలైలో రోజెన్‌బోర్గ్ మ్యాచ్‌లో మైదానంలోకి చేప వడలు, టెన్నిస్ బంతులు విసిరి ఆటే ఆపించేశారు. అయినా చివరికి 2025 మార్చిలో నార్వే సమాఖ్య ఓటు పెడితే 321 మంది ఉంచాలన్నారు, 129 మంది తీసెయ్యాలన్నారు. ఇంగ్లండ్‌లో 2024 జూన్‌లో వుల్వ్స్ తీసెయ్యాలని తీర్మానం పెడితే 19 క్లబ్బులు కాదన్నాయి. వుల్వ్స్ ఒక్కటే మిగిలింది.

మామ: ఇంగ్లండ్‌లో ఓటేసింది క్లబ్బులవాళ్ళు, కూర్చుని చూసేవాళ్ళు కాదు. స్వీడన్‌లో చూసేవాళ్ళను అడిగారు, వద్దన్నారు. నాకు స్వీడన్ మాటే రుచిస్తుంది. విసరడం మాత్రం తప్పు. చేప వడైనా తప్పే.

అల్లుడు: అయితే మన దగ్గర ఏం చేద్దామంటావు? నీ చేతిలో పెడితే?

మామ: నా చేతిలో పెడితే ముందు మనిషిని తయారుచేస్తా. సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఎవరు? హైదరాబాదులో బడి పంతులు. ఆయన చేతిలో పెరిగిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయనే కోచ్‌గా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టుకు నాలుగో స్థానం. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం, ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. మరుసటి ఏడాది ఆయన పోయారు. మనం ఆ స్థాయికి మళ్ళీ రాలా. ఆయన ఆటగాళ్ళను తయారుచేసిన శ్రద్ధలో పావు వంతు మనం రిఫరీల మీద పెట్టామా? జిల్లా స్థాయి మ్యాచ్‌కు విజిల్ పట్టేది ఎవరు? నాలాంటి పీఈటీ. పొద్దున వాలీబాల్, మధ్యాహ్నం ఖోఖో, సాయంత్రం ఫుట్‌బాల్. ఆఫ్‌సైడ్ గీత మీద నడవడం మాకు నేర్పినవాడెవడు?

అల్లుడు: అందుకే అంటున్నా, వీడియో అక్కడ కూడా పనికొస్తుంది. గోల్ వెనక ఒక ఫోను, మధ్య గీత దగ్గర ఒక ఫోను, కాళ్ళ మీద నిలబెట్టి. కోచ్‌కు ఒక్క అవకాశం. మార్కాపురం కాలేజీ గ్రౌండులో అయినా పెట్టొచ్చు.

మామ: ఆట మధ్యలో వద్దు. ఆట అయ్యాక పెట్టు. సాయంత్రం రిఫరీలు, లైన్స్‌మన్లు కూర్చుని తమ తప్పులు తాము చూసుకోవాలి. యాడ నిలబడ్డాం, ఎందుకు కనబడలా అని. అట్టా చేస్తే నీ ఫోనుకు నేనే జైకొడతా. దోహాలో ఆ లైన్స్‌మన్‌కు అట్టాంటి సాయంత్రాలు ఎన్ని దొరికి ఉంటే ఆ గీత కనబడేదో.

అల్లుడు: ఆట అయ్యాక తెలిస్తే ఓడినవాడికి ఏం ఒరుగుతుంది మామా?

మామ: వాడికి ఒరగదు. తర్వాతవాడికి ఒరుగుతుంది.

అల్లుడు: నాకు ఈ రోజు ఓడినవాడు కావాలి.

ఇద్దరూ అక్కడే ఆగారు, రాజీ పడలేదు. ఎవరి పక్షమని నన్నడిగితే, ఐఎస్ఎల్ స్థాయిలో అల్లుడి పక్షం. ఓడినవాడికి అదే రోజు ఒకసారి అడిగే హక్కు ఉండాలి. కోట్లు పెట్టి వీడియో గది కట్టేదాకా ఆగకుండా కోచ్‌కు రెండు అవకాశాల పద్ధతి వచ్చే సీజన్‌కే తేవాలి. దానికి మామ అడిగిన మైకునూ నిమిషం గడువునూ కలపాలి. జిల్లాల్లో మాత్రం మామ పక్షం. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ, మన రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘానికీ ఒక మనవి. రిఫరీ శిక్షణ శిబిరాలను నగరాల దగ్గర ఆపకండి. మార్కాపురానికి, కంభానికి, గిద్దలూరుకు రండి. ఇక్కడి పీఈటీ మాస్టార్లకు ఆఫ్‌సైడ్ గీత మీద నడవడం నేర్పండి, వాళ్ళు ఊదిన మ్యాచ్‌ల వీడియో వాళ్ళకే చూపించి మాట్లాడించండి. విజిల్ పట్టుకోవడానికి మనుషులు ఇక్కడ సిద్ధంగా ఉన్నారు.